సంతలో పందెం: మీ ఫాంటసీ ఆటకు ఏ రకం పోటీ నప్పుతుంది?

ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఫాంటసీ ఆట మాది. ఆ కథలో మొదటిసారి సంత పెట్టినప్పుడు, అందులో పంజా కుస్తీకి ఏడు దఫాలు రాసుకున్నాను. ఒక వైపు మా బార్బేరియన్ (కండబలం ఉన్న యోధురాలి పాత్ర), మరో వైపు ఊరి కమ్మరి. ఎవరు నాలుగు దఫాలు గెలిస్తే వారిదే పందెం. మూడో దఫాకే ఇద్దరు ఫోన్లు తీశారు. ఒకరు టీ పెట్టడానికి లేచారు. బార్బేరియన్ గెలిచింది కానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదే సాయంత్రం ఏ సన్నాహమూ లేకుండా, ఒక ఆటగాడు అడిగాడని పెట్టిన బూరెల పోటీకి మాత్రం ఆరుగురూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

రెంటికీ తేడా ఎక్కడ వచ్చిందో ఆలోచిస్తే నాకు దొరికిన జవాబు ఇది: సరదా పోటీని ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది పాచిక వేయనివారిని. ఆ పది నిమిషాలూ వాళ్ల చేతుల్లో ఏముంటుంది? ఆ తర్వాత చూడవలసింది బలహీనుడిని. అతను గెలిచే దారి నిజంగా ఉందా, లేక ఉన్నట్టు కనిపిస్తోందా? ఈ రెండు ప్రశ్నలతోనే కింది పద్ధతులన్నిటినీ పోల్చాను.

ఉదాహరణలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నుంచే తీసుకుంటున్నాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఈ ఆటనే మా బల్ల దగ్గర ఆడతాం. లెక్కలు 2014 నాటి ఐదో కూర్పువి. వేరే ఆట ఆడేవారికి అంకెలు మారతాయి గానీ ఎంపిక చేసే తీరు మారదు.

ఒక్క పాచికతో తేల్చేయడం

అన్నిటికన్నా సులువైనది ఎదురెదురు పాచిక. ఇద్దరూ ఇరవై ముఖాల పాచిక వేసి, తమ పాత్ర సామర్థ్యానికి ఉన్న బోనస్ కలుపుకుంటారు. ఎక్కువ వచ్చినవారు గెలుస్తారు. సమానమైతే పరిస్థితి ముందున్నట్టే ఉండిపోతుందని 2014 నియమం. పంజా కుస్తీలో ఇది ముచ్చటైన ఫలితం: రెండు చేతులూ బల్ల మధ్యలో కదలకుండా వణుకుతూ ఉంటాయి.

బోనస్‌లు సమానంగా ఉన్నప్పుడు ఒక్కొక్కరికీ 47.5 శాతం అవకాశం, మిగిలిన 5 శాతం సమానం. ఒకరికి బోనస్ 5 ఎక్కువ ఉంటే ఆ బలవంతుడు 70 శాతం సార్లు గెలుస్తాడు, బలహీనుడు సుమారు 26 శాతం సార్లు. అంటే నాలుగింట ఒకసారి చిన్నవాడు పెద్దవాడిని పడగొడతాడు. సరదా సన్నివేశానికి ఇది మంచి నిష్పత్తి.

పోటీయే ఆ పూట ముఖ్య విషయం కానప్పుడు ఈ పద్ధతి వాడండి. సత్రంలో మాటామాటా పెరిగి ఇద్దరు మోచేతులు బల్లకు ఆనించారు, అంతే. నిమిషంలో తేలిపోతుంది కాబట్టి వేయనివారికి విసుగు పుట్టే వ్యవధి ఉండదు. దీన్ని సాగదీయబోతేనే చిక్కు.

మూడు దఫాలు, ఐదు దఫాలు

ఎక్కువసార్లు వేస్తే ఉత్కంఠ పెరుగుతుందని చాలామంది డంజియన్ మాస్టర్లు, అంటే ఆట నడిపేవారు, అనుకుంటారు. నేనూ అలాగే అనుకునే ఏడు దఫాలు పెట్టాను. లెక్క వేస్తే తిరగబడింది. బోనస్‌లో అదే 5 తేడా ఉందనుకుందాం, సమానం వచ్చినప్పుడల్లా మళ్లీ వేస్తారనుకుందాం. ఒక్క దఫాలో బలహీనుడికి 27 శాతం అవకాశం ఉంటుంది. మూడింటిలో రెండు గెలవాలంటే అది 18 శాతానికి పడిపోతుంది. ఐదింటిలో మూడు అంటే 13. నేను పెట్టినట్టు ఏడింటిలో నాలుగు అంటే 9. పాచిక ఎన్నిసార్లు దొర్లితే అదృష్టం పాత్ర అంత తగ్గి, బోనస్ పెత్తనం అంత పెరుగుతుంది. కమ్మరి గెలవడని మా వాళ్లకు శాతాలు తెలియకపోయినా మూడో దఫాకే అర్థమైంది. ఫోన్లు బయటికి వచ్చింది అందుకే.

దఫాలు కావాలనుకుంటే ఒక్కో దఫాలో ఒక్కో సామర్థ్యాన్ని పరీక్షించండి. పంజా కుస్తీనే తీసుకుంటే, మొదట బలం. రెండో దఫాలో కళ్లలో కళ్లు పెట్టి చూడటం: ఒకరు బెదిరింపుతో పాచిక వేస్తే, ఎదుటివారు మనసు చదివే నేర్పుతో వేస్తారు. మూడో దఫాలో ఎవరి చెయ్యి ముందు అలిసిపోతుందన్నది దేహదారుఢ్యం. ఇప్పుడు బలం లేని బార్డ్ (పాటతో, మాటతో నెగ్గుకొచ్చే పాత్ర) కూడా రెండో దఫా తనదేనని కూర్చోవచ్చు. ఒకటి ఓడి ఒకటి గెలిచి మూడోదానికి వచ్చారంటే, అక్కడ నిజంగానే అందరి మెడలూ సాగుతాయి.

విలువిద్య పోటీకి మాత్రం దఫాలు సహజంగా నప్పుతాయి, ఎందుకంటే అక్కడ ప్రతి బాణానికీ ఒక నిర్ణయం పెట్టవచ్చు. మూడు వలయాలు గీయండి. బయటి వలయానికి పాచిక, బోనస్ కలిపి 12 దాటాలి (సరిగ్గా 12 వచ్చినా దాటినట్టే, కింది పరీక్షలన్నిటిలోనూ ఇంతే), ఒక పాయింటు. మధ్య వలయానికి 15, రెండు పాయింట్లు. నడిమి చుక్కకు 20, మూడు పాయింట్లు. ఏ వలయానికి గురిపెడుతున్నారో పాచిక వేయకముందే చెప్పాలి. బోనస్ 5 ఉన్న విలుకాడికి బయటి వలయం 70 శాతం, మధ్యది 55, నడిమిది 30. సగటున చూస్తే మధ్య వలయమే లాభం. అయితే చివరి బాణానికి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నవాడు నడిమి చుక్కకే వెళ్లాలి, ఒక్క పాయింటు చాలినవాడు బయటి వలయంతో సరిపెట్టుకోవచ్చు. ఈ అంకెలను మార్చదలచుకుంటే మార్చండి గానీ, శాతాన్ని పాయింట్లతో గుణించి చూసుకోండి. మొదట్లో నేను నడిమి చుక్కకు 17 పెట్టాను. దాని సగటే అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది. అందరూ ప్రతిసారీ అక్కడికే కొట్టేవారు, నిర్ణయమన్నదే లేకుండా పోయింది.

ఆగాలా, తినాలా

ఇక బూరెల పోటీ. ఒక్క పోటీకే సమయం ఉందని ఎవరైనా నన్ను అడిగితే నేను ఇదే చెబుతాను.

ప్రతి ఆటగాడి ముందూ ఒక చింతపిక్క పెట్టండి. దఫాకు ఒక పళ్లెం బూరెలు. దఫా మొదట్లో అందరూ చేతులు బల్ల కిందకు తీసుకెళ్లి, పిక్కను గుప్పిట్లో ఉంచుకోవడమో ఒడిలో వదిలేయడమో చేస్తారు. తర్వాత అందరూ ఒకేసారి గుప్పిళ్లు బల్ల మీద పెట్టి తెరవాలి. పిక్క ఉంటే తింటున్నట్టు, ఖాళీగా ఉంటే ఆగిపోయినట్టు. తినేవారు దేహదారుఢ్యపు సేవింగ్ త్రో, అంటే తట్టుకోగలరా లేదా తేల్చే పాచిక, వేస్తారు. మొదటి పళ్లేనికి దాటవలసిన అంకె 5. పళ్లెం పళ్లేనికీ 2 పెరుగుతుంది: 7, 9, 11, 13. దాటితే పళ్లెం లెక్కలోకి వస్తుంది. తప్పితే తిన్నదంతా బయటికి వస్తుంది, లెక్క సున్నా. ఆగినవారి లెక్క భద్రం. చివరికి ఎవరి పళ్లేలు ఎక్కువైతే వారు విజేత.

మొదటి స్థాయి బార్బేరియన్‌కు ఇక్కడ బోనస్ 5 ఉండటం మామూలే. ఆమె నాలుగు పళ్లేలు నిలబెట్టుకునే అవకాశం సుమారు 61 శాతం. ఏ బోనసూ లేని విజార్డ్‌కు (మంత్రాలు వేసే పాత్ర) నాలుగు పళ్లేలంటే 17 శాతమే. కానీ రెండు పళ్లేలు 56 శాతం. కాబట్టి విజార్డ్ రెండింటి దగ్గర ఆగి, చేతులు కట్టుకుని, మిగిలినవారి పొట్టలు పగలాలని కోరుకోవచ్చు. బార్బేరియన్ రెండు తినగానే ఆగితే సమానం, కాబట్టి ఆమె మూడోదానికి వెళ్లక తప్పదు. వెళ్లాక ఫైటర్ (ఇంకో యోధుడి పాత్ర) కూడా మూడు తిన్నాడు, ఇప్పుడు నాలుగోది. ఇలా బలవంతులు ఒకరినొకరు గోతిలోకి లాక్కుంటూ ఉంటే, అన్నిటికన్నా నీరసమైన పాత్ర ఆడుతున్న అమ్మాయి ముఖం వెలిగిపోతూ ఉంటుంది.

మా బల్ల దగ్గర జరిగింది అచ్చంగా అదే. ఐదో దఫాలో బల్ల మీద రెండు గుప్పిళ్లు మాత్రం మిగిలాయి. బార్బేరియన్ గుప్పిట ముందు తెరుచుకుంది, పిక్క ఉంది. ఫైటర్ వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. అరచేతి మధ్యలో, చెమటకు అంటుకుని, నల్లటి పిక్క. ఇద్దరూ పాచిక వేశారు, ఇద్దరూ తప్పారు. రెండు పళ్లేలతో విజార్డ్ గెలిచింది. ఆ పిక్కను ఆమె ఇప్పటికీ పాచికల సంచిలోనే ఉంచుకుంటుంది.

ఈ పద్ధతి బలం ఎక్కడుందంటే, ఆగిపోయినవారికి కూడా ఆట అయిపోదు. వాళ్ల గెలుపు ఇంకా ఇతరుల పాచికల మీద ఆధారపడి ఉంది, కాబట్టి కళ్లు బల్ల మీదే ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఆడేవారు పిక్క బదులు డంజియన్ మాస్టర్‌కు విడిగా సందేశం పంపవచ్చు, గుప్పిట విప్పే క్షణం పోతుంది గానీ లెక్క చెడదు.

దీని బంధువే పిగ్ అనే పాత పాచికల ఆట. సంతలో జూదపు బల్ల పెట్టాలనుకుంటే ఇది సరిపోతుంది. ఆరు ముఖాల పాచిక ఎన్నిసార్లైనా వేయవచ్చు, వచ్చిన అంకెలు కూడుతూ పోతాయి. 1 పడితే ఆ వంతులో కూడినదంతా పోతుంది. ఆగితే నిలుస్తుంది. 20 కూడాక ఆగడం మంచిదని లెక్క చెబుతుంది: ఇంకోసారి వేస్తే సగటున వచ్చేది 20లో ఆరో వంతు, పోయేది కూడినదానిలో ఆరో వంతు. కూడినది 20 చేరగానే రెండూ సమానమవుతాయి. ఇక్కడ పాత్ర సామర్థ్యంతో పని లేదు, ఆటగాడి గుండె ధైర్యమే ఉంటుంది. అదే దీని పరిమితి కూడా. బార్బేరియన్ అయినా విజార్డ్ అయినా ఒకటే అయిపోతారు.

జట్లుగా

తాడు లాగుడు, పడవ పందెం, వంటల పోటీ లాంటి వాటికి రెండు దారులు. త్వరగా కావాలంటే సామూహిక పరీక్ష: అందరూ వేస్తారు, సగం మందైనా దాటితే జట్టు దాటినట్టు. ప్రతి చేతిలోనూ పాచిక ఉంటుంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. తాడు లాగుడుకు ఇంతకు మించి అవసరం లేదు.

నెమ్మదిగా, కథలా సాగాలంటే 2008లో వచ్చిన నాలుగో కూర్పులోని స్కిల్ చాలెంజ్ పద్ధతి. ఇన్ని వైఫల్యాలు కాకముందే అన్ని విజయాలు కూడబెట్టాలి. నేను మూడు వైఫల్యాల లోపు ఆరు విజయాలు పెడతాను. వంటల పోటీకి ఇది భలేగా పనిచేస్తుంది: ఒకరు అడవిలో ఆకుకూర వెతుకుతారు, ఒకరు పక్క జట్టు మసాలా ఏమిటో పసిగడతారు, మరొకరు న్యాయనిర్ణేతను మాటల్లో పెడతారు. షరతు ఒకటే. అందరూ ఒకసారి వేసేదాకా ఎవరూ రెండోసారి వేయకూడదు. ఈ షరతు లేకపోతే ఎక్కువ బోనస్ ఉన్న ఒక్కరే ఆరుసార్లు వేస్తారు, మిగిలినవారు ప్రేక్షకులవుతారు.

బండలాగుడు నుంచి తీసుకోదగ్గవి

సంక్రాంతికి, తిరునాళ్లకు మన ఊళ్లలో జరిగే ఎద్దుల బండలాగుడు పోటీని ఒకసారి గుర్తు చేసుకోండి. జతలు ఒకదానితో ఒకటి తలపడవు. ఒక్కో జత వంతు వచ్చినప్పుడు, నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగిందో కొలుస్తారు. చివర వచ్చే జతకు తాము దాటవలసిన దూరం ముందే తెలుసు. ఆ ఒక్క విషయమే చివరి వంతును రక్తి కట్టిస్తుంది.

దీన్ని ఆటలోకి తేవడం చాలా సులభం. ఒక్కొక్కరికీ ఐదు పాచికలు, 10 దాటిన ప్రతి అంకెకూ ఒక అడుగు. 17 వస్తే ఏడు అడుగులు, 9 వస్తే బండ కదలలేదు. వేసే వరసను చీటీలతో తేల్చండి. అదిలించడానికి ఎద్దుల వెంట మనుషులుంటారు కదా, అలాగే ప్రతి పోటీదారుకూ ఒక తోడును ఇవ్వండి. ఐదింటిలో ఒక పాచికకు ఆ తోడు ఏం చేసి ఉత్సాహపరిచాడో చెబితే, దాన్ని మళ్లీ వేసుకోవచ్చు. ఖాళీగా కూర్చునే ఇద్దరికి పని దొరికింది.

అంతకన్నా విలువైనది విభాగాల పద్ధతి. ఎద్దులను పళ్లను బట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీస్తారు. లేత గిత్తను ముదురు ఎద్దు మీదకు వదలరు. మన ఆటలో స్థాయిలు పెరిగేకొద్దీ ఇదే సమస్య వస్తుంది. 2014 నియమాల్లో రోగ్ (దొంగ తరహా పాత్ర) 11వ స్థాయికి చేరితే, తనకు నైపుణ్యం ఉన్న పరీక్షల్లో 9 లేదా అంతకు తక్కువ వచ్చిన పాచికను 10గా లెక్కించుకుంటాడు. అలాంటివాడిని ఊరి పిల్లలతో జేబులు కత్తిరించే పందేనికి నిలబెడితే ఫలితం ముందే రాసిపెట్టి ఉంటుంది. అతని కోసం దొంగల సంఘం పెద్దతో వేరే పోటీ పెట్టండి, లేదా అతన్నే న్యాయనిర్ణేతను చేయండి. న్యాయనిర్ణేత కుర్చీ చిన్న పదవి కాదు. ఎవరు ఎక్కువ లంచం ఇస్తారా అని మా రోగ్ ఒక గంట సేపు ఆనందంగా బేరాలాడాడు.

ఆటగాడి నోటికి పని చెప్పడం

బార్డ్‌ల వాగ్వాదం, పొడుపుకథల పందెం, గొప్పలు చెప్పుకునే పోటీ. ఇక్కడ ప్రశ్న ఒకటే: పరీక్ష పాత్రకా, ఆటగాడికా? మొత్తం ఆటగాడి మీదే వదిలేస్తే, మొహమాటపడే మనిషి మాటకారి బార్డ్‌ను ఆడలేడు. అతను ఈ ఆటకు వచ్చిందే తాను కానిది కావడానికి. మొత్తం పాచికకు వదిలేస్తే నోరు విప్పే పనే ఉండదు.

నేను మధ్యే మార్గం పట్టాను. ప్రయత్నించిన ప్రతివారికీ అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం. బోనస్ 5 ఉండి 15 దాటవలసినప్పుడు 55 శాతం అవకాశం దీనితో దాదాపు 80 అవుతుంది. ప్రయత్నించనివారు మామూలు పాచిక వేస్తారు, వారికి నష్టమేమీ లేదు. మాట ఎంత బాగుందో కొలవకండి, ప్రయత్నించారా లేదా అన్నదే చూడండి.

తెలుగులో ఆడే బల్లకు ఇక్కడ ఒక సొంత నిధి ఉంది: అష్టావధానం. దత్తపదిలో పృచ్ఛకుడు ఇచ్చిన పదాలన్నీ పద్యంలో ఇమడాలి. అలాగే ఎదుటి జట్టు రెండు పదాలు ఇస్తుంది, బార్డ్ తన ప్రగల్భాల్లో ఆ రెండూ పలకాలి. పద్యం అక్కర్లేదు, రెండు వాక్యాలు చాలు. "గుమ్మడికాయ", "మేనల్లుడు" అని ఇచ్చారు ఒకసారి. మా బార్డ్ కాసేపు పైకప్పు వంక చూసి, "నీ పాట విని మా మేనల్లుడు ఏడుపు ఆపాడు, నిజమే. గుమ్మడికాయ పగిలిందేమోనని చూడటానికి వెళ్లాడు" అన్నాడు. నిషిద్ధాక్షరిలా ఒక అక్షరాన్ని నిషేధించడం కొంచెం కష్టమే గానీ, ఆటగాళ్లు ఉత్సాహంగా ఉంటే పెట్టండి.

అవధానం నుంచి తప్పక తెచ్చుకోవలసింది మాత్రం అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి ఒకరు పొంతన లేని ప్రశ్నలు వేస్తూనే ఉంటారు, దానికీ చమత్కారంగా జవాబు చెబుతూ పద్యం పూర్తి చేయాలి. పోటీలో లేని ఆటగాళ్లందరినీ ఆ పీటలో కూర్చోబెట్టండి. బార్డ్ మాట్లాడుతుండగా సత్రం యజమాని బాకీ అడుగుతాడు, మేక గురించి ఒక ముసలావిడ ఫిర్యాదు చేస్తుంది. నేను మొదట్లో వేసిన ప్రశ్నకు, వేయనివారి చేతుల్లో ఏముంటుందన్నదానికి, నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి జవాబు లేదు.

మోసం గురించి

ఏ పద్ధతి ఎంచుకున్నా మీ ఆటగాళ్లు మోసం చేయడానికి చూస్తారు. గైడెన్స్ మంత్రం సామర్థ్య పరీక్షకు నాలుగు ముఖాల పాచికను కలుపుతుంది, మేజ్ హ్యాండ్ అనే మంత్రపు చెయ్యి బూరెలను బల్ల కిందకు జార్చగలదు. నిషేధించకండి, ధర పెట్టండి. మంత్రానికి పెదవులు, చేతులు కదలాలి, అది జనం కంట్లో పడుతుంది. కాబట్టి మోసం చేసేవారు చేతివాటంతో 13 దాటాలి. తప్పితే పోటీ నుంచి బహిష్కరణ కాదు. నెత్తిన గంప పెట్టుకుని మిగతా పోటీ ఆడాలి, అంతే. దొరికిపోవడం కూడా వినోదమైతే అందరూ ప్రయత్నిస్తారు. కొత్త ఆటగాళ్లకు దీన్ని ముందే చెప్పండి, లేకపోతే అది అనుమతి ఉన్న పని అని వాళ్లకు తోచదు.

ఏది, ఎప్పుడు

సాయంత్రం ముగియడానికి పది నిమిషాలే ఉంటే ఎదురెదురు పాచిక ఒక్కటి చాలు. నలుగురు కొత్తవాళ్లు మొదటిసారి కూర్చున్నారంటే బండలాగుడు తరహా: నియమం ఒక్క వాక్యం, పైగా ఇరవై ముఖాల పాచిక చేతికి అలవాటవుతుంది. ఆరుగురికి మించి ఉంటే వంతుల పోటీలు వద్దు. బూరెలో, సామూహిక పరీక్షో పెట్టండి, రెండింట్లోనూ అందరూ ఒకేసారి కదులుతారు. ఇద్దరు ఆటగాళ్ల మధ్య గత వారం నుంచి నిజంగానే చిరాకు ఉంటే, వాళ్లను ఎదురెదురుగా నిలబెట్టే ఏ పోటీ అయినా ప్రమాదమే. ఇద్దరినీ ఒకే తాడు పట్టుకోనివ్వండి.

బహుమతి చిన్నదిగా ఉండాలి, ఓడినవారికి పోయేది అంతకన్నా చిన్నదిగా ఉండాలి. పందెంలో మంత్రఖడ్గం పెట్టిన మరుక్షణం అది సరదా పోటీ కాదు, యుద్ధం. అందరూ నియమాల పుస్తకం తెరుస్తారు. గెలిచినవారికి ఊళ్లో ఒక బిరుదు, ఓడినవారికి ఒక పరిచయం సరిపోతాయి. మా కమ్మరి ఆ తర్వాత జరిగిన మూడు దఫాల పోటీలో, కళ్లలో కళ్లు పెట్టే దఫాలోనూ చెయ్యి అలిసే దఫాలోనూ గెలిచాడు. ఇప్పుడు బార్బేరియన్ గొడ్డలికి సగం ధరకే సాన పడుతున్నాడు. ఆమె ఆ ఊరు మీదుగా వెళ్లిన ప్రతిసారీ కొలిమి పక్కన బల్ల తుడిచి, మోచెయ్యి ఆనించి కూర్చుంటున్నాడు.